అమ్మ చెప్పకముందే ఫోను చెప్పింది

మా ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోను. పేరుకు అది అమ్మది. నాయన బోడిమెట్టు మీదుగా ఏలక్కాయ తోటలకు కూలీలను తీసుకుపోయే జీపు నడుపుతాడు. ఆయనకు బటన్ల ఫోను చాలు. అమ్మ ఊళ్ళోనే ఒక గోడౌనులో ఏలక్కాయలు ఏరే పనికి పోతుంది. పగలంతా ఫోను అవ్వ తలగడ పక్కన ఉంటుంది. సాయంత్రం నా పాఠాలకు, ఆ తర్వాత తమ్ముడి ఆటలకు, పడుకునే ముందు అమ్మ చేతికి. అందుకే ఆ ఫోను వాడే మనిషి ఎవరో ఫోనుకే అర్థం కాదని మేము నవ్వుకునేవాళ్ళం. తమ్ముడు కార్ల ఆట ఆడితే అమ్మకు కార్ల ప్రకటనలు వచ్చేవి. నేను తెలుగు పద్యాల వీడియోలు చూస్తే హైదరాబాదులో ఫ్లాటు కొనమని వచ్చేది. బోడిలో బాడుగ ఇంట్లో ఉండే మమ్మల్ని ఎవరో పెద్ద ఆసాములనుకున్నారు!

పోయిన ఏడాది వైకాశి నెలలో ఆ నవ్వు ఆగిపోయింది.

వారం రోజులు ఒకటే ప్రకటన. మదురైలో ఒక ఆసుపత్రి, ఒక జబ్బు పేరు, నవ్వుతూ ఉండే డాక్టరమ్మ బొమ్మ, వెంటనే రమ్మని ఒక నంబరు. ఆ జబ్బు పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయలేదో చివర చెబుతాను. మొదటి రోజు పట్టించుకోకుండా దాటేశాను. మూడో రోజు ఏదో పాఠం వెతకడానికి వేలు పెడితే, అంతకుముందు వెతికినవన్నీ వరుసగా కింద కనబడ్డాయి. అమ్మ మైకు బొమ్మ నొక్కి తమిళంలో అడిగిన ప్రశ్నలు నాలుగు. (అమ్మ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ చదివింది తమిళం.) నాలుగో ప్రశ్న ఇది: ఈ జబ్బు ఉంటే ఇంకా ఎన్నాళ్ళు పనికి పోవచ్చు?

అమ్మ ఈ సంగతి నాకు చెప్పలేదు. అక్కకు చెప్పలేదు. నాయనకు కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది. రాత్రి అందరూ పడుకున్నాక పెరట్లో నిలబడి మెల్లిగా ఫోనుకు చెప్పింది. ఎవరికీ చెప్పుకోలేని మాటను మనిషి గోడకు చెప్పుకుంటాడంటారు. అమ్మ అట్లాగే అనుకున్నది. కానీ ఈ గోడ ఊరుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అక్కకు అప్పుడే నిశ్చితార్థం కుదిరింది. ముహూర్తానికి ముందు ఒకరోజు కాబోయే అత్త, ఆమె చెల్లెలు మా ఇంటికి వచ్చారు. కాఫీలు అయ్యాక అత్త, "పరమశివన్ కొండ గుడి తిరునాళ్ళ వీడియో ఉందంటే చూపించమ్మా" అని అడిగింది. నేను పెట్టి ఇచ్చాను. ఇచ్చిన క్షణంలోనే గుర్తొచ్చింది, వీడియోకు ముందు ప్రకటన వస్తుంది. డాక్టరమ్మ నవ్వు మొఖం కనబడింది. పేరు వినబడేలోపల ఫోను లాక్కున్నాను. "చార్జి అయిపోతా ఉండాది అత్తా, పెట్టి తెస్తా" అన్నాను. చార్జి డెబ్భై శాతం ఉంది. అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి నన్నే చూస్తూ ఉంది. ఆ చూపుతో నాకు తెలుసని అమ్మకు తెలిసిపోయింది.

ఆ ప్రకటన యాదృచ్ఛికంగా వచ్చి ఉండవచ్చా? వచ్చి ఉండవచ్చు. మదురై చుట్టుపక్కల ఉండే, అమ్మ వయసు ఆడవాళ్ళందరికీ ఆ ఆసుపత్రి అదే ప్రకటన పంపించి ఉండవచ్చు. అమ్మ అడిగిన నాలుగు ప్రశ్నలకూ దానికీ సంబంధం ఉందని నేను కోర్టులో నిరూపించలేను. కానీ అంతకుముందు ఎప్పుడూ రానిది ఆ వారమే ఎందుకు వచ్చింది అని అడిగితే జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నా బాధలో సగం అదే.

మా తరగతిలో ఒకసారి దీని మీద చర్చ పెట్టారు. సగం మంది లేచి ఒకటే మాట చెప్పారు: తప్పు చేయనివాళ్ళకు దాచుకునేది ఏముంటుంది? నేను కూడా ఆరోజు చప్పట్లు కొట్టాను. ఇప్పుడు కొట్టను. మా అమ్మ ఏం తప్పు చేసింది? దొంగతనం చేసిందా, అబద్ధం ఆడిందా? ఒక మాటను కొన్నాళ్ళు తన దగ్గరే పెట్టుకున్నది, అంతే. ముందు నిశ్చితార్థం కానీ, తర్వాత నాయనకు చెబుదాం అనుకున్నది. ఎవరికి ముందు చెప్పాలి, ఎవరికి తర్వాత, ఏ మాటలతో చెప్పాలి అనేది ఆమె లెక్క. ప్రకటన ఆ లెక్కను తారుమారు చేసింది. జబ్బు గురించి నాయనకంటే ముందు ఒక వ్యాపారానికి తెలిసింది.

మా తాత చిన్నప్పుడు పశువుల సంతకు పోయేవాడు. అక్కడ బేరం నోటితో చెయ్యరట. అమ్మేవాడు, కొనేవాడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటే పైన తుండు కప్పుతారు. తుండు కింద వేళ్ళు నొక్కి ధర చెబుతారు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుసు. "మోసం కాదా తాతా?" అని అడిగితే, "మోసమేంది? ఎద్దు అందరికీ కనబడతా ఉండాది కదా. ధర ఒకటే కనబడదు" అన్నాడు. దాచడం వేరు, మోసం చేయడం వేరు అని నాకు మొదట చెప్పింది తాతే. అప్పుడు అర్థం కాలేదు.

అయితే ఇక్కడ నన్ను నేనే ఒక ప్రశ్న అడగాలి, అడగకపోతే న్యాయం కాదు. పెళ్ళివాళ్ళ దగ్గర దాచడం మోసం కాదా? ఈ ప్రశ్నతో నేను చాలా రాత్రులు పడుకోలేదు. జబ్బు అక్కదై ఉంటే, చెప్పకుండా పెళ్ళి చెయ్యడం తప్పే అంటాను. కంటి చూపు సరిగా లేని డ్రైవరు ఆ మాట దాచి ఘాట్ రోడ్డు మీద జీపు తోలితే అది కూడా తప్పే, ఎందుకంటే వెనక కూర్చున్నవాళ్ళ ప్రాణాలు ఆ మాట మీద ఉన్నాయి. కానీ అమ్మ జబ్బు అంటేది కాదు, కూతుళ్ళకు వచ్చేది కాదు. డాక్టరమ్మ అమ్మతో ఆ మాట ముందే చెప్పిందట. మరి ఆ మాట ఎవరి ప్రాణం మీదకు తెస్తుంది? మా ఊళ్ళో "ఆ ఇంట్లో జబ్బు ఉందంట" అనే ఒక్క మాట చాలు, ఆ జబ్బు ఎవరిదో కూడా అడగరు. అడగనివాళ్ళు ఉన్నంతకాలం అమ్మకు దాచుకునే హక్కు ఉండాల్సిందే అనిపిస్తుంది.

ఫోను మన మాటలు రహస్యంగా వింటుందని చాలామంది నమ్ముతారు. మా అవ్వ అయితే డబ్బుల విషయం మాట్లాడేటప్పుడు ఫోనును బియ్యం డబ్బాలో పెట్టమంటుంది. 2018లో అమెరికాలోని నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. రహస్యంగా మైకు తెరిచి మాటలు బయటికి పంపే యాప్ వాళ్ళకు ఒక్కటి కూడా దొరకలేదు. కానీ కొన్ని యాప్‌లు తెర మీద మనం చేసేదాన్ని వీడియో తీసి వేరేవాళ్ళకు పంపుతున్నాయని బయటపడింది. ఇది చదివాక నాకు భయం తగ్గలేదు, ఎక్కువైంది. చాటుగా వినాల్సిన అవసరమే లేదన్నమాట. మనం ఏం వెతుకుతాం, ఎక్కడ ఎంతసేపు ఆగుతాం, రాత్రి ఎన్ని గంటలకు మేలుకొని ఉంటాం, ఇవన్నీ మనమే ఇస్తున్నాం.

ఇచ్చినదాన్ని ఏం చేస్తారు? మా ఊరివాళ్ళకు ఇది చెప్పడం సులభం, ఎందుకంటే మాకు వేలం తెలుసు. బోడిలో స్పైసెస్ బోర్డు ఏలక్కాయల ఈ-వేలం జరుగుతుంది. కొండ ఎక్కి కేరళ వైపు పోతే పుట్టడిలో ఇంకొకటి. వ్యాపారులు కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. ఒక్కో రాశి నుంచి తీసిన సాంపిల్ కాయలు ముందు పెడతారు. వాళ్ళు రంగు చూస్తారు, సైజు చూస్తారు, ధర నొక్కుతారు. ఎక్కువ నొక్కినవాడికి సరుకు. ఫోనులో మనం ఒక పేజీ తెరిచినప్పుడు కూడా చాలాసార్లు ఇట్లాంటి వేలమే జరుగుతుంది. పేజీ తెరుచుకునే ఆ రెప్పపాటులో, ఈ మనిషికి ప్రకటన చూపించే అవకాశం ఎవరికి కావాలని అడుగుతారు. మనిషి వయసు, ఊరు, ఫోను రకం, ఇష్టాలు సాంపిల్‌గా పోతాయి. కంపెనీల కంప్యూటర్లు ధర చెబుతాయి. గెలిచినవాడి ప్రకటన మన ముందు పడుతుంది.

తేడా ఒకటే. తోట ఆసామికి తన కాయలు వేలంలో ఉన్నాయని తెలుసు. ధర నచ్చకపోతే సరుకు వెనక్కి తీసుకోవచ్చు. అమ్ముడైతే డబ్బు ఆయనకు వస్తుంది. మా అమ్మ రోజంతా కూర్చుని ఆ కాయలనే ఏరుతుంది, చిల్లు కాయ ఒక పక్క, పచ్చ కాయ ఒక పక్క. రాత్రి తన భయమే ఒక పళ్ళెంలో సాంపిల్‌గా పోయిందని ఆమెకు ఎవరు చెప్పారు?

ఇట్లాంటివాటికి చట్టం లేదా అని మా సాంఘిక శాస్త్రం సారును అడిగాను. సారు చెప్పిన మొదటి కేసు మన తమిళనాడుదే. ఆటో శంకర్ అనే మరణశిక్ష ఖైదీ జీవితకథను నక్కీరన్ పత్రిక అచ్చు వేయవచ్చా అనే కేసులో 1994లో సుప్రీంకోర్టు, మనిషికి తన జోలికి రాకుండా వదిలెయ్యమనే హక్కు ఉందని చెప్పింది. కుటుంబం, పెళ్ళి, తల్లి కావడం, చదువు, ఇవన్నీ ఆ హక్కులోకి వస్తాయని కూడా చెప్పింది. తర్వాత కర్ణాటక హైకోర్టు రిటైరయిన న్యాయమూర్తి పుట్టస్వామి గారు వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చారు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, పూర్తిగా అమలు చేయడానికి గడువు ఇచ్చారు.

ఆ చట్టంలో ఒక మాట విని నేను క్లాసులోనే నవ్వాను. 18 ఏళ్ళు నిండనివాళ్ళు పిల్లలట. పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలట. పిల్లలను గమనించి వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదట. మంచిదే. కానీ మా ఇంట్లో జరిగేది తలకిందులు. ఏదైనా యాప్ వేస్తే ఇంగ్లీషులో పొడుగ్గా ఏదో వస్తుంది. అమ్మ ఫోను నా చేతికిచ్చి, "నువ్వే చూసి నొక్కు పాపా" అంటుంది. నేను చూడను, నొక్కుతాను. తల్లి తరఫున పదిహేనేళ్ళ పిల్ల అనుమతి ఇస్తున్నది. చట్టం రాసినవాళ్ళు మా ఇంటికి వచ్చి ఒక సాయంత్రం కూర్చుని ఉంటే బాగుండేది.

ఇంతవరకు ఎవరో మా అమ్మ మాట బయటపెట్టారని రాశాను. ఇప్పుడు నేను చేసినది రాయాలి. నిశ్చితార్థానికి ఆహ్వానం బొమ్మ తయారు చెయ్యడానికి ఒక యాప్ వేశాను. పూలు, తోరణాలు, అక్క ఫోటో. అది కాంటాక్టులు చూడనిమ్మని అడిగింది. పూల బొమ్మకు ఫోను నంబర్లు ఎందుకు అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అలౌ నొక్కాను. అమ్మ ఫోనులో నూటికి పైగా నంబర్లు ఉన్నాయి. అమ్మ వాటిని తనకు గుర్తుండేటట్టు రాసుకుంటుంది: చీటీ అక్క, గోడౌను మేస్త్రి, తేని డాక్టరమ్మ, వడ్డీ అన్న. నంబరు లేకపోయినా ఆ పేర్లు చదివితేనే మా ఇంటి కష్టాలు సగం తెలుస్తాయి. ఆ నూరు మందిలో ఒక్కరు కూడా నాకు "నా నంబరు ఇవ్వు" అని చెప్పలేదు. వాళ్ళ తరఫున నేను ఇచ్చేశాను.

దీనివల్ల ఎవరికీ నష్టం రాలేదు కదా అంటారేమో. నాకు తెలిసి రాలేదు. కానీ ఇట్లా ఇస్తే ఏమవుతుందో లోకం చూసింది. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ బయటికి వచ్చినప్పుడు ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ఇది: మన దేశంలో ఆ యాప్ వేసుకున్నది 335 మంది. వాళ్ళ స్నేహితులతో కలిపి సమాచారం పోయి ఉండవచ్చు అన్నది దాదాపు 5,62,000 మందిది. ఆ 335 మంది చెడ్డవాళ్ళు కాదు. నాలాగే ఏదో సరదాకు నొక్కి ఉంటారు. 2020 చివరలో హైదరాబాదులో అప్పుల యాప్‌ల మీద పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. అప్పు తీసుకున్నవాడి ఫోనులోని నంబర్లు లాగి, బంధువులకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీసేవాళ్ళు. అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. అప్పుల యాప్‌లు ఫోనులోని కాంటాక్టులను ముట్టుకోకూడదని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది. పూల బొమ్మల యాప్‌కు ఆ మాట ఎవరు చెబుతారు?

"నా ఫోను, నా ఇష్టం" అని మా క్లాసులో పిల్లలు అంటారు. ఫోను నీదే. లోపల ఉండేవాళ్ళు నీవాళ్ళా? పక్కింటి వాళ్ళు ఊరికి పోతూ తాళంచెవి మన దగ్గర పెట్టి పోతే, మన ఇంట్లో ఉంది కదా అని దాన్ని ఇంకొకరి చేతిలో పెడతామా? నేను ఆ రోజు నూరు తాళంచెవులు పెట్టాను. యాప్ తీసేశాను గానీ, పోయినవి వెనక్కి రావు.

పెళ్ళివాళ్ళు వెళ్ళిన రాత్రి అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. "ఫోను చూసినావా?" అని అడిగింది. "నేను చూడలేదమ్మా, అదే చూపించింది" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. సిగ్గుపడింది. అది చూడడం కోపం కంటే కష్టం. "నాయనకు నేనే చెబుతా. నువ్వు చెప్పొద్దు" అన్నది. ఆలస్యమైతే జబ్బు ముదురుతుందేమో అని నాకు భయం. "ఎప్పుడు చెబుతావు?" అని గట్టిగానే అడిగాను. నిశ్చితార్థం అయిన మూడో రోజు చెప్పింది. ఆ మూడు రోజులు నేను నోరు మూసుకుని ఉన్నది సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇంకో నెల ఆగుతానని అమ్మ అని ఉంటే నేనే నాయనకు చెప్పేసేదాన్నేమో.

అమ్మ మందులు వాడుతున్నది. మళ్ళీ పనికి పోతున్నది. అక్క పెళ్ళి ఆవణిలో అయింది. తర్వాత అమ్మే అక్క అత్తకు చెప్పింది. "ముందే చెప్పి ఉంటే ఆసుపత్రికి తోడు వచ్చేదాన్ని కదా" అన్నదట ఆమె. పెళ్ళికి ముందు తెలిసి ఉంటే అదే మాట అనేదో లేదో నాకు తెలియదు. ఫోను సెట్టింగుల్లోకి పోయి, మన ఇష్టాలను బట్టి ప్రకటనలు చూపించేదాన్ని ఆపేశాను. యాప్‌లకు ఇచ్చిన కాంటాక్టుల అనుమతులు ఒక్కొక్కటిగా తీసేశాను. ప్రకటనలు ఆగలేదు, తల నూనెవి వస్తున్నాయి.

ఈ వ్యాసం పత్రికకు ఇచ్చే ముందు అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు తెలుగు చదవడం రాదు, వింటే ప్రతి మాటా తెలుస్తుంది. మొదట రాసినప్పుడు జబ్బు పేరు ఉండేది. హైదరాబాదు ఫ్లాటు దగ్గర నవ్వింది. నాలుగో ప్రశ్న దగ్గర పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అంతా విన్నాక, "ఇది మీ బడిలో అందరూ చదువుతారా?" అని అడిగింది.

"అమ్మానాన్నలు కూడా చదువుతారు."

"అయితే ఆ పేరు తీసెయ్యి. మిగతాది ఉండనీ."

తీసేశాను. మళ్ళీ ఒకసారి చదవమంది. చదివాను.

"మీ సారుకు నోటితో చెప్పినావా ఆ పేరు?"

"లేదమ్మా."

"సరే, ఇచ్చెయ్" అన్నది.